మారే ముఖం, మారని పదార్థం

వయసు మీద పడుతున్న ముఖంలో అందరి కంటా ముందుగా పడేవి ముడతలే గనుక, ముఖానికి వచ్చే ముసలితనం కేవలం చర్మానికి సంబంధించిన విషయమని వైద్యులు సైతం చాలాకాలం భావించారు. చర్మం వదులైతే దాన్ని లాగి బిగించి, మిగిలిన అంచును కత్తిరించి కుట్టివేయడమే మార్గమన్న ఆలోచన మీదనే ఇరవయ్యో శతాబ్దపు ముఖ సౌందర్య శస్త్రచికిత్స చాలావరకు నడిచింది. అలా బిగించిన ముఖం నునుపు తేలినా దానికి పడుచు కళ రాకపోవడానికి కారణం ఉంది. యౌవనంలో బుగ్గలకు, కణతలకు, కళ్ల కింది భాగానికి ఉండే నిండుదనాన్ని ఇచ్చేవి చర్మం కింద ఉన్న కొవ్వు, కండరం, ఎముక. 2007లో అమెరికాలోని డల్లాస్‌కు చెందిన శస్త్రవైద్యులు రాడ్ రోరిక్, జోయెల్ పెసా మృతదేహాల ముఖాల్లోకి నీలిరంగు ద్రవాన్ని ఎక్కించి, అది ఎంతవరకు పాకి ఎక్కడ ఆగుతుందో పరిశీలించి, ముఖంలోని కొవ్వు ఒకే దుప్పటిలా పరుచుకుని ఉండదని, పలచని గోడలతో విడివడిన గదులుగా ఉంటుందని చూపారు. వయసుతోపాటు ఈ గదుల్లో కొన్ని ఖాళీ అవుతాయి, కొన్ని కిందికి జారుతాయి. అదే సమయంలో కంటి గూడు వెడల్పవుతుంది, పై దవడ ఎముక వెనక్కి తగ్గుతుంది. పళ్లన్నీ ఊడిన అవ్వ బుగ్గలు లోపలికి పోయి, కట్టుడు పళ్లు పెట్టుకున్న మరుక్షణం మళ్లీ నిండుగా కనిపించడం తెలుగు ఇళ్లలో అందరూ చూసినదే. చర్మాన్ని ఎవరూ ముట్టుకోకపోయినా కింద ఆధారం దొరకడంతోనే ముఖానికి కళ వస్తుంది. ఫిల్లర్ల వెనుక ఉన్న తర్కం అంతా ఇదే.

ఫిల్లర్ అంటే నింపేది. చర్మం కిందో, ఎముకకు ఆనుకునో సూదితో ఎక్కించి, తగ్గిపోయిన పరిమాణాన్ని తిరిగి ఇవ్వడానికి వాడే జెల్లీ వంటి పదార్థాలన్నిటికీ ఇది ఉమ్మడి పేరు. దీన్ని బొటాక్స్‌తో కలిపి ఒకే గాటన కట్టడం పరిపాటి అయినా రెండింటి పనీ వేరు. బొటాక్స్ కండరానికి వెళ్లే నరాల సంకేతాన్ని కొన్ని నెలలపాటు అడ్డుకుని, కనుబొమలు ముడిచినప్పుడు, నుదురు ఎత్తినప్పుడు పడే గీతలను తగ్గిస్తుంది. ఫిల్లర్ మాత్రం ముక్కు పక్కనుంచి పెదవి మూలకు దిగే నవ్వు గీతలను, కంటి కింది గుంటలను, లోతుకు పోయిన కణతలను, పలచబడిన పెదవులను పూరిస్తుంది. నింపిన పదార్థం శరీరంలో ఎంతకాలం ఉంటుందన్న దాన్ని బట్టి ఫిల్లర్లను తాత్కాలికమైనవి, శాశ్వతమైనవి అని విభజిస్తారు. వినడానికి ఇది మన్నికకు సంబంధించిన విభజనలా తోచినా, రోగికి జరిగే మేలుకీ కీడుకీ అసలు సరిహద్దు ఇక్కడే ఉంది. మళ్లీ మళ్లీ ఖర్చు లేకుండా ఒక్కసారితో తీరిపోతుందన్న ఆశతో ఎంతోమంది శాశ్వతమన్న మాటకు ఆకర్షితులవుతారు గనుక, నూటికి పైబడిన ఏళ్ల అనుభవం ఆ మాట గురించి ఏం చెబుతోందో నిదానంగా చూడడం అవసరం.

ముఖంలో లోటును నింపే ప్రయత్నాల్లో తొలి నమోదు 1893 నాటిది. జర్మన్ శస్త్రవైద్యుడు ఫ్రాంజ్ నాయ్‌బర్ ఒక రోగి చేతి నుంచి చిన్న చిన్న కొవ్వు ముక్కలను తీసి ముఖం మీది గుంటపడిన మచ్చలో అమర్చాడు. సొంత శరీరంలోని పదార్థాన్నే వాడిన ఈ దారి మంచిదే అయినా, ఆ వెంటనే వచ్చిన మరో పద్ధతి దాన్ని మరుగున పడేసింది. 1899లో వియన్నాకు చెందిన రాబర్ట్ గెర్సునీ పెట్రోలియం జెల్లీని వేడిచేసి సూదితో ఎక్కించడం మొదలుపెట్టాడు. దాని వెంటే వాడుకలోకి వచ్చిన, చల్లారగానే గట్టిపడే పారఫిన్ మైనం చౌక, సులభం, చూడడానికి శాశ్వతం. అందువల్ల ముక్కులు సరిచేయడానికి, ముడతలు నింపడానికి అది యూరప్, అమెరికాల్లో వేగంగా వ్యాపించింది. తరువాత మార్ల్‌బరో డచెస్ అయిన గ్లాడిస్ డీకన్ అప్పటికే గొప్ప అందగత్తెగా పేరు పొందినా, గ్రీకు శిల్పాల్లో మాదిరిగా నుదుటి నుంచి ముక్కు ఒకే గీతలో దిగాలని కోరుకుని, ఇరవై రెండేళ్ల ప్రాయంలో ముక్కు వంతెనలోకి ఈ మైనాన్ని ఎక్కించుకుంది. మైనం ఎక్కించిన చోట నిలవకుండా గడ్డం వైపు జారి, ఆ ముఖాన్ని జీవితాంతం వికృతం చేసింది. మైనం చుట్టూ శరీరం గట్టి గడ్డలు కట్టడం, అవి ఏళ్ల తరువాత పుండ్లు పడడం ఎందరిలోనో కనిపించి, ఆ గడ్డలకు పారఫినోమా అన్న ప్రత్యేకమైన పేరే పుట్టింది. వాటిని కోసి తీయబోతే మైనం చుట్టుపక్కల కణజాలంలో ఇంకిపోయి ఉండేది కాబట్టి, ముఖంలో కొంత భాగాన్ని కూడా కోల్పోక తప్పేది కాదు.

ఈ పాఠం నేర్చుకోవడానికి ఒక్క తరం సరిపోలేదు. రెండో ప్రపంచ యుద్ధం తరువాత ద్రవ సిలికోన్ అదే దారిలో వచ్చింది. జపాన్‌లోను, ఆపైన అమెరికాలోని లాస్ వేగాస్‌లోను రొమ్ముల్లోకి, ముఖాల్లోకి దాన్ని లీటర్ల లెక్కన ఎక్కించారు. ఏళ్లు గడిచాక గడ్డలు, పుండ్లు, పక్క భాగాలకు పాకడం వంటి పాత కష్టాలే తిరిగి రావడంతో 1970ల్లో నెవాడా రాష్ట్రం ఆ ఇంజెక్షన్లను నేరంగా ప్రకటించింది. రెటీనా ఊడిన కంటిలో నింపడానికి సిలికోన్ నూనెను అనుమతించిన అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, అందం కోసం చేసే ఇంజెక్షన్‌కు దాన్ని ఈనాటికీ అనుమతించలేదు. పాలీయాక్రిలమైడ్ జెల్ కథా ఇంతే. చైనాలో విస్తారంగా వాడిన ఆ జెల్‌ను అక్కడి ప్రభుత్వమే 2006లో నిషేధించింది.

తాత్కాలిక ఫిల్లర్ల చరిత్ర 1981లో, ఆవు చర్మం నుంచి తీసిన కొల్లాజెన్‌కు ఎఫ్‌డీఏ అనుమతి ఇవ్వడంతో మొదలైంది. కొల్లాజెన్ అంటే చర్మానికి బిగువునిచ్చే ప్రోటీను. మరో జంతువుది కావడం వల్ల వందలో ముగ్గురికి అది పడేది కాదు. అందుకే ముందుగా ముంజేతిపై పరీక్ష చేసి నాలుగు వారాలు ఆగి చూసేవారు. ఇంత చేసినా ఫలితం మూడు నాలుగు నెలలకు మించేది కాదు. ఈ చిక్కులన్నిటినీ తీర్చిన పదార్థం మాత్రం అంతకు చాలా ముందే, 1934లో, కొలంబియా విశ్వవిద్యాలయంలో దొరికింది. కార్ల్ మేయర్, జాన్ పామర్ ఆవు కంటిలోని గాజువంటి ద్రవం నుంచి ఒక కొత్త పదార్థాన్ని వేరుచేసి, గాజుకు గ్రీకులో ఉన్న హయలోస్ అన్న మాటను కలిపి హయలురానిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. నీటిని విపరీతంగా పట్టుకుని ఉంచే పొడవైన చక్కెర గొలుసు ఇది. మనిషి చర్మంలో, కీళ్లలో, కంటిలో సహజంగానే ఉంటుంది. డెబ్బై కిలోల మనిషిలో మొత్తం పదిహేను గ్రాముల వరకు ఉండగా, అందులో మూడో వంతును శరీరం ప్రతిరోజూ విరగ్గొట్టి కొత్తగా తయారుచేసుకుంటుంది. అన్ని జంతువుల్లోను దీని నిర్మాణం ఒక్కటే కావడంతో శరీరం దీన్ని పరాయిదిగా చూడదు. ఒకప్పుడు కోడిపుంజుల ఎర్రని జుట్టు నుంచి తీసేవారు, ఇప్పుడు ఎక్కువగా బ్యాక్టీరియాను పులియబెట్టి తయారుచేస్తున్నారు.

రోజుల్లోనే కరిగిపోయే పదార్థం ముఖంలో నెలల తరబడి ఎలా నిలుస్తుందన్నది సహజమైన ప్రశ్న. బీడీడీఈ అనే రసాయనంతో ఆ చక్కెర గొలుసులను ఒకదానికొకటి ముడివేస్తారు. ముడులు ఎక్కువైన కొద్దీ జెల్ గట్టిపడి, దాన్ని విరగ్గొట్టే ఎంజైము లోపలికి చొరబడడం కష్టమై, ఆరు నెలల నుంచి ఏడాదిన్నర, కొన్ని రకాల్లో రెండేళ్ల వరకు నిలుస్తుంది. పెదవులకు మెత్తని జెల్, బుగ్గ ఎముక మీదికి గట్టి జెల్ వాడడంలోని రహస్యం ఈ ముడుల్లోనే ఉంది. స్వీడన్‌లో తయారై 1996లో యూరప్‌లోను, 2003 డిసెంబరులో అమెరికాలోను అనుమతి పొందిన రెస్టిలేన్, 2006లో అమెరికాలో అనుమతి పొందిన జువెడెర్మ్ ఈ కోవకు చెందినవి. హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం చర్మవైద్యుల క్లినిక్కుల్లోనూ నేడు ఫిల్లర్ అంటే సాధారణంగా ఈ రకమే. ఒక సిరంజిలో ఉండేది ఒక మిల్లీలీటరు, అంటే టీస్పూనులో ఐదో వంతు మాత్రమే. ఒక ముఖానికి రెండు మూడు సిరంజులు వాడినా మొత్తం అరచేతి గుంటలో ఇమిడిపోతుంది. ఇంత కొద్ది పదార్థంతో ముఖం తీరు మారుతుందంటే, ఆ కొద్ది పదార్థం ఏ పొరలో, ఎంత లోతున పడుతుందన్నదే అసలు నైపుణ్యం. కంటి కింద చర్మానికి మరీ దగ్గరగా పడితే, కాంతి చెదిరే తీరును వివరించిన భౌతిక శాస్త్రవేత్త జాన్ టిండాల్ పేరిట పిలిచే నీలి ఛాయ చర్మంలోంచి తేలి, కమిలిన గాయంలా కనిపిస్తుంది.

తాత్కాలికానికీ శాశ్వతానికీ నడుమ మరో రెండు రకాలున్నాయి. ఎముకలు, పళ్లలో ఉండే కాల్షియం హైడ్రాక్సిలాపటైట్ అనే ఖనిజపు సూక్ష్మ గోళాలను జెల్‌లో కలిపిన రేడియెస్ ఏడాది, అంతకు కొంచెం అటూ ఇటూగా నిలుస్తుంది. కరిగే కుట్టుదారాల తయారీలో వాడే పాలీలాక్టిక్ ఆమ్లంతో చేసిన స్కల్ప్‌ట్రా స్వయంగా నింపదు. శరీరాన్ని రెచ్చగొట్టి కొత్త కొల్లాజెన్‌ను ఊరేలా చేస్తుంది కాబట్టి ఫలితం కనిపించడానికి నెలలు పడుతుంది, వచ్చాక రెండేళ్ల వరకు ఉంటుంది. గడ్డలు కట్టకుండా ఉండేందుకు రోజుకు ఐదుసార్లు, ఐదేసి నిమిషాలు, ఐదు రోజులపాటు మర్దన చేసుకోమని దీనికి చెబుతారు.

ఈ పాలీలాక్టిక్ ఆమ్లానికి 2004లో ఎఫ్‌డీఏ ఇచ్చిన తొలి అనుమతి అందం కోసం కాదన్న సంగతి ఇక్కడ చెప్పి తీరాలి. హెచ్‌ఐవీ చికిత్సలో ఆ రోజుల్లో వాడిన స్టావుడిన్, జిడోవుడిన్ వంటి మందులు ప్రాణాన్ని నిలబెడుతూనే బుగ్గల్లోని కొవ్వును హరించేవి. బుగ్గలు గుంటలు పడి, కణతలు లోతుకు పోయి, చూసినవారు జబ్బును గుర్తుపట్టే విధంగా ముఖం తయారయ్యేది. మన దేశంలో 2004 ఏప్రిల్‌లో మొదలైన ఉచిత చికిత్సలోనూ స్టావుడిన్ ఉండేది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అప్పట్లో దేశంలో హెచ్‌ఐవీ బాధితులు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఒకటి. ఊరికి తెలియకుండా మందులు మింగుతున్న మనిషి గుట్టును ముఖమే బయటపెట్టడం ఎంతటి వేదనో ఊహించుకోవచ్చు. స్టావుడిన్‌ను క్రమంగా మానుకోమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో సూచించింది. ఫిల్లర్లను ధనికుల విలాసంగా కొట్టిపారేసే ముందు, ఇటువంటివారికి, ప్రమాదాల్లో మచ్చలు పడ్డవారికి, పుట్టుకతోనో జబ్బుతోనో ఒక చెంప కుంగిపోయినవారికి నలుగురిలోకి తలెత్తుకు వెళ్లే ధైర్యాన్నిచ్చిన పదార్థాలు కూడా ఇవేనని గుర్తుంచుకోవడం న్యాయం.

ఇక ఎఫ్‌డీఏ అనుమతి పొందిన ఏకైక శాశ్వత ఫిల్లర్ పీఎంఎంఏ అనే ప్లాస్టిక్కుతో చేసినది. 2006లో ఆర్టెఫిల్ పేరుతో వచ్చి ఇప్పుడు బెల్లాఫిల్‌గా అమ్ముడవుతోంది. వైద్యానికి ఈ ప్లాస్టిక్ కొత్తది కాదు. కట్టుడు పళ్లకు అడుగున ఉండే గులాబీ రంగు చిగురు, ఎముకలను అతికించే సిమెంటు, 1949లో హెరాల్డ్ రిడ్లీ తొలిసారి మనిషి కంటిలో అమర్చిన కృత్రిమ కటకం, అన్నీ దీనివే. ఫిల్లర్‌లో ఇది ముప్పై నుంచి యాభై మైక్రాన్ల నున్నని గోళాలుగా, అంటే తలవెంట్రుక మందం కన్నా చిన్నవిగా, ఆవు కొల్లాజెన్‌లో తేలుతూ ఉంటుంది. ఆవు నుంచి వచ్చిన పదార్థం వద్దనుకునేవారు ఈ సంగతిని ముందే అడిగి తెలుసుకోవాలి. కొల్లాజెన్ కొద్ది నెలల్లో కరిగిపోగా, గోళాలు మిగులుతాయి. చెత్తను మింగి శుభ్రం చేసే మాక్రోఫేజ్ అనే రక్షక కణాలు వాటిని మింగలేవు, ఎందుకంటే గోళం పరిమాణం వాటి నోటికి మించినది. అందువల్ల శరీరం ప్రతి గోళం చుట్టూ తన సొంత కొల్లాజెన్‌ను అల్లి దాన్ని అక్కడే బంధిస్తుంది. గోళం నున్నగా, సరైన పరిమాణంలో ఉన్నంతవరకు ఈ ఏర్పాటు ఎంతోమందిలో సజావుగానే సాగుతుంది. కొందరిలో మాత్రం ఏళ్లు గడిచాక ఆ రక్షక కణాలు ఒకదానితో ఒకటి కలిసిపోయి పెద్ద కణాలుగా మారి, గ్రాన్యులోమా అనే గట్టి, ఎర్రని గడ్డను కడతాయి. స్టెరాయిడ్ ఇంజెక్షన్లతో తగ్గకపోతే కత్తే గతి, కత్తి పడిన చోట మచ్చా మిగులుతుంది.

గడ్డలు రానివారిలో కూడా మరో సమస్య మిగిలే ఉంటుంది, నిజానికి శాశ్వతమన్న మాటలోని అసలు లోపం ఇదే. నలభై ఏట నింపిన చెంప ఆ నలభై ఏళ్ల ముఖానికి సరిపోయేలా నింపినది. అరవై నాటికి చర్మం పలచబడుతుంది, కొవ్వు గదులు జారతాయి, ఎముక తగ్గుతుంది. ప్లాస్టిక్ గోళాలు మాత్రం పెట్టిన చోటనే, పెట్టినంత పరిమాణంలోనే ఉంటాయి. అప్పుడు నవ్వు గీతలో ఇమిడిపోయిన నింపుడు గీత పక్కకు తేలి, చర్మం కింద తాడులా కనిపించవచ్చు. తాత్కాలిక ఫిల్లర్ కరిగిపోవడాన్ని లోపంగా లెక్కించేవారు, మారుతున్న ముఖానికి తగినట్టు కొలతను మళ్లీ మార్చుకునే అవకాశం ఆ కరగడంలోనే ఉందని గ్రహించడం లేదు. సొంత కొవ్వును పొట్ట నుంచో తొడ నుంచో తీసి ముఖంలో నాటే పద్ధతిలోనూ నిలిచిన కణాలు శాశ్వతమే అయినా, ఎంత నిలుస్తుందో ముందుగా చెప్పలేరు, మనిషి బరువు పెరిగితే అవీ పెరుగుతాయి.

తాత్కాలికమన్న మాటను కూడా తేలిగ్గా తీసుకోకూడదు. ఏడాదిలో పోతుందని చెప్పిన హయలురానిక్ జెల్ జాడలు ఎమ్మారై స్కానింగుల్లో ఏళ్ల తరువాత కూడా కనిపించడం ఇటీవలి పరిశీలనల్లో తేలింది. కరిగిపోయిందనుకుని ఏడాదికోసారి మళ్లీ నింపుకుంటూ పోతే, ముఖం ఉబ్బి, కళ్లు చిన్నవై, మనిషి పోలికే మారిపోతుంది. పంటి చీము వంటి ఇన్‌ఫెక్షన్ ఎక్కడో రగిలినప్పుడు నెలల కిందట నింపిన చోట వాపు రావడమూ ఉంది. 2020 చివర మోడెర్నా కోవిడ్ టీకా ప్రయోగంలో ఫిల్లర్లు ఉన్న ముగ్గురికి వాటిని నింపిన చోట్ల వాపు వచ్చినట్టు ఎఫ్‌డీఏ నమోదు చేసింది.

వీటన్నిటినీ మించిన ప్రమాదం రక్తనాళానికి సంబంధించినది. ముఖంలో ధమనులు ఒకదానితో ఒకటి కలిసి వలలా ఉంటాయి. కనుబొమల నడుమ, ముక్కు మీద, నుదుటి మీద ఉన్న చిన్న ధమనులు కంటికి రక్తం అందించే ధమనితో కలుస్తాయి. సూది మొన పొరపాటున ధమనిలోకి దిగి, సిరంజిని నొక్కిన ఒత్తిడి రక్తపు ఒత్తిడిని మించితే, జెల్ వెనక్కి ప్రవహించి, ఒత్తిడి తగ్గగానే రక్తంతోపాటు ముందుకు సాగి రెటీనా ధమనిని మూసేస్తుంది. రక్తం అందని రెటీనా గంటన్నర మించి బతకడం కష్టం. 2015లో ప్రచురితమైన ఒక సమీక్ష అప్పటివరకు ప్రపంచ వైద్య సాహిత్యంలో నమోదైన 98 దృష్టిలోపం కేసులను లెక్కించగా, వాటిలో దాదాపు సగం సొంత కొవ్వు వల్ల, నాలుగో వంతుకు దగ్గరగా హయలురానిక్ ఆమ్లం వల్ల సంభవించినవే. చేస్తున్న లక్షలాది ఇంజెక్షన్లతో పోలిస్తే ఈ సంఖ్య చాలా చిన్నదే అయినా, పోయిన చూపు తిరిగి రావడం అరుదు.

కంటిని కాక చర్మాన్ని పోషించే ధమని మూసుకుపోయినప్పుడు తొలి గుర్తు సూది ఇంకా చేతిలో ఉండగానే కనిపిస్తుంది: ఇంజెక్షన్ చేసిన చోటుకు కొంత దూరం వరకు చర్మం సున్నం పూసినట్టు తెల్లబారుతుంది. జాగ్రత్తగల వైద్యుడు అక్కడ వేలితో నొక్కి వదులుతాడు. ఆరోగ్యమైన చర్మంలో రెండు సెకన్లలో రక్తం తిరిగివచ్చి ఎరుపెక్కుతుంది, మూసుకుపోయిన చోట ఆ ఎరుపు ఆలస్యంగా వస్తుంది లేదా రానే రాదు. కొంతసేపటికి ఊదారంగు గీతలు వలలా పరుచుకుంటాయి, ఒకటి రెండు రోజులకు బొబ్బలు లేస్తాయి, అలాగే వదిలేస్తే ఆ చర్మం నల్లబడి రాలిపోతుంది. నింపినది హయలురానిక్ ఆమ్లం అయితే ఇక్కడే దాని అతి గొప్ప సుగుణం బయటపడుతుంది. హయలురానిడేస్ అనే ఎంజైమును అక్కడ ధారాళంగా ఎక్కిస్తే జెల్ గంటల్లో కరిగి రక్తం మళ్లీ పారుతుంది. శుక్లాల ఆపరేషన్‌కు ముందు మత్తుమందు త్వరగా వ్యాపించడానికి మన కంటి ఆసుపత్రుల్లో ఎప్పటినుంచో వాడుతున్న మందే ఇది. కాల్షియం గోళాలకు, పాలీలాక్టిక్ ఆమ్లానికి, పీఎంఎంఏకు, సిలికోన్‌కు ఇటువంటి విరుగుడు లేదు. ఒక ఫిల్లర్ ఎంతకాలం నిలుస్తుందన్న ప్రశ్న కన్నా, తేడా వస్తే దాన్ని వెనక్కి తీసుకోగలరా అన్న ప్రశ్నే ముందు రావలసినది ఇందుకే.

ఈ పని ఎవరు చేయాలన్నదీ ఇక్కడే తేలుతుంది. తెల్లబారిన చర్మాన్ని గుర్తించి, బీరువాలో సిద్ధంగా ఉన్న ఎంజైమును నిమిషాల్లో వాడగలిగిన అర్హుడైన వైద్యుడు చేయవలసిన చికిత్స ఇది. భారతీయ చర్మవైద్యుల సంఘం 2008లోనే ఫిల్లర్ల వాడకంపై మార్గదర్శకాలు ప్రచురించింది. అయినా కొద్ది రోజుల శిక్షణతో బ్యూటీ పార్లర్లలో సూది పట్టేవారున్నారు. సూదే లేకుండా గాలి ఒత్తిడితో జెల్‌ను చర్మంలోకి కొట్టే పెన్నులు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. ఆ పెన్నులతో జెల్ ఎంత లోతుకు పోతుందో అదుపు చేయలేరని, వాటిని వాడవద్దని ఎఫ్‌డీఏ 2021 అక్టోబరులో హెచ్చరించింది. అదే నెల ఒకటో తేదీ నుంచి ఇంగ్లండ్‌లో పద్దెనిమిదేళ్ల లోపువారికి అందం కోసం ఫిల్లర్లు వేయడం నేరమైంది. పెళ్లికి నాలుగు రోజుల ముందు పెదవులు నింపమని వచ్చే అమ్మాయిని, వాపు, కమిలిన మచ్చ తగ్గడానికి వారం పది రోజులైనా పడుతుంది కాబట్టి, వెనక్కి పంపే వైద్యుడు మంచి వైద్యుడు.

అసలైన ఫిల్లర్ పెట్టెలో సిరంజితోపాటు పదార్థం పేరు, బ్యాచ్ సంఖ్య, గడువు తేదీ ముద్రించిన చిన్న అంటుడు చీటీలు వస్తాయి. ఒకటి క్లినిక్ రికార్డులో అతికించడానికి, మరొకటి రోగికి ఇవ్వడానికి. పెట్టెను తన ఎదుటే తెరవమని అడగడానికి, ఆ చీటీని ఇంటికి తెచ్చుకోవడానికి ఏ రోగీ మొహమాటపడనవసరం లేదు. పదేళ్ల తరువాత చెంపలో చిన్న గట్టి ముడి తగిలి, అప్పటికి ఊరూ వైద్యుడూ మారిపోయి, కొత్త డాక్టరు దాన్ని వేలితో తడుముతూ లోపల ఏం నింపారని అడిగినప్పుడు, ఎంజైముతో కరిగించాలా, స్టెరాయిడ్ ఇవ్వాలా, కత్తి పట్టాలా అన్నది తేలేది ఆ చీటీ మీద ఉన్న పేరుతోనే.